విద్యాలయంలో పంక్తిభేదం



గత మాఘమాసంలో శనిప్రదోష పూజ ముగిసి, తీర్థప్రసాద వినియోగం కూడా అయిన తరువాత, మా ఆలయానికి చిరకాలంగా వచ్చే ఒక గృహస్థు మండపంలోనే నిలిచిపోయారు. ఆయన ఏకైక కుమారుడు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో ఉన్నతవిద్య అభ్యసిస్తున్నాడు. ప్రయోగశాలలో తోటివారెవ్వరూ ఆ బాలుణ్ణి తమ జట్టులోకి పిలవరట. అతని ఉచ్చారణను అనుకరించి నవ్వుతారట. ఒక రాత్రి నడిచి వస్తూ ఉంటే కారులోంచి ఎవరో, నీ దేశానికి పో అని అరిచి వెళ్ళారట. "అయ్యగారూ, మావాడు ఏం పాపం చేశాడండీ? ఏదైనా శాంతి ఉంటే జరిపించండి" అని ఆయన కన్నీరు పెట్టుకున్నారు.

ఆ కన్నీరు సత్యమే. కాని నాకు మరొక దినం స్మృతికి వచ్చింది. నాలుగైదు సంవత్సరాల క్రితం ఇదే పిల్లవాడు హైదరాబాదులో ఇంజనీరింగు కళాశాల వసతిగృహంలో చేరాడు. గదిలోని సహాధ్యాయి ఏ కులంవాడో వారం రోజులలో తెలిసింది. ఈ తండ్రిగారు వెళ్ళి అధికారులతో మాట్లాడి గది మార్పించుకుని వచ్చారు. వెళ్ళే ముందు నా వద్దకు వచ్చి, ఏ రోజు మంచిదని అడిగారు. నేను పంచాంగం తీసి, గురువారం, దశమి, తారాబలం బాగుంది అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. కార్యం ఎట్టిదో తెలిసి ముహూర్తం చెప్పినవాడికి ఆ కార్యంలో భాగం లేదని ఏ ధర్మశాస్త్రం చెబుతుంది? ఈ వ్యాసం అందుకోసమే వ్రాస్తున్నాను.

మన సత్సంగాలలో తరచు వినిపించే వాక్యం ఒకటి ఉంది. జాతివివక్ష పాశ్చాత్యుల వ్యాధి, తెల్లవారి పాపం, అందులో మనం బాధితులమే కాని కర్తలం కాము అని. ఈ వాక్యం అర్ధసత్యం. అర్ధసత్యం అసత్యం కంటె ప్రమాదకరం, ఎందుకంటే దానిని నమ్మినవాడికి ప్రాయశ్చిత్తం చేసుకోవాలన్న బుద్ధి కూడా పుట్టదు.

ముందు పాశ్చాత్యుల పాపమేమిటో చూద్దాం. అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలో జార్జి మెక్లారిన్ అనే వయసు మళ్ళిన ఉపాధ్యాయుడు ఉండేవారు. నల్లజాతివారు. అప్పటికే మాస్టర్స్ పట్టా ఉంది. 1948లో విద్యాశాస్త్రంలో డాక్టరేటు చేయాలని రాష్ట్ర విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేశారు. తెల్లవారినీ నల్లవారినీ ఒకేచోట కూర్చోబెట్టి పాఠం చెప్పడమే ఆ రాష్ట్రంలో నేరం, కాబట్టి నిరాకరించారు. ఆయన న్యాయస్థానానికి వెళ్ళారు. ప్రవేశం ఇవ్వక తప్పలేదు. అప్పుడు రాష్ట్ర శాసనసభ చట్టాన్ని సవరించింది: చేర్చుకోవచ్చును, కాని వేరుగా ఉంచాలి.

ఎలా వేరుగా ఉంచారో సావధానంగా గమనించండి. తరగతి గదిలో కాక, దానిని ఆనుకొని ఉన్న ఒక చిన్న గదిలో ఆయనకు బల్ల వేశారు. అక్కడినుండి పాఠం వినవచ్చును. గ్రంథాలయంలో పఠనమందిరంలో కూర్చోరాదు, పై అరలో ఆయనకొక బల్ల. భోజనశాలలో ఆయనకొక ప్రత్యేకమైన బల్ల, అది కూడా ఇతర విద్యార్థులు తినని వేళలో. తరువాత కొంత దయ తలచి తరగతి గదిలోకే రానిచ్చారు, నల్లవారికని కేటాయించిన వరుసలోకి. ఆ స్థలం చుట్టూ కొన్నాళ్ళు ఒక కొయ్య అడ్డు కూడా కట్టి, ఇది నల్లవారికి అని పలక తగిలించారు. భోజనవేళ కూడా అందరితో సమానం చేశారు, బల్ల మాత్రం వేరే. వరుసలో నిలబడి తోటివారితో మాట్లాడవచ్చును, పళ్ళెం పట్టుకుని కూర్చోగానే వేరు కావాలి.

రాష్ట్రం తరఫువారి వాదం ఏమిటంటే, ఇదంతా నామమాత్రపు భేదమని. అదే గది, అదే ఆచార్యుడు, అదే గ్రంథాలయం, అదే పట్టా, ఇంకేమి కావాలి? 1950 జూన్ 5వ తేదీన అమెరికా సర్వోన్నత న్యాయస్థానం ప్రధాన న్యాయమూర్తి విన్సన్ నేతృత్వంలో ఏకగ్రీవంగా ఈ వాదాన్ని తోసిపుచ్చింది. వేరుగా ఉంచితే చదువు దెబ్బతింటుంది, సహాధ్యాయులతో చర్చించి భావాలు ఇచ్చిపుచ్చుకునే శక్తి దెబ్బతింటుంది, చివరకు ఆయన అభ్యసించే వృత్తియే ఆయనకు పూర్తిగా పట్టుబడదు అని తేల్చింది. ఆయన పక్షాన నిలిచిన న్యాయవాదులలో థర్‌గుడ్ మార్షల్ ఒకరు. ఆయనే తరువాతి కాలంలో ఆ న్యాయస్థానంలో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయినారు.

ఈ తీర్పును గూర్చి మొదట విన్నప్పుడు నాకు చట్టం స్ఫురించలేదు, వంటశాల స్ఫురించింది. పంక్తిభేదం అనే దోషం మనలో అందరికీ తెలిసినదే. ఒక పంక్తిలో కూర్చోబెట్టి ఒకరికి నెయ్యి వేసి మరొకరికి వేయకపోవడం, ఒకరికి భక్ష్యం వడ్డించి పక్కవాడిని చూడకుండా దాటిపోవడం మహాపాతకంతో సమానమని మా గురువుగారు పాఠశాలలో వడ్డన చేసే పిల్లలకు చెప్పేవారు. పిలవకపోవడం ఒక దోషం. పిలిచి, కూర్చోబెట్టి, విస్తరి ముందు అవమానించడం అంతకంటె పెద్ద దోషం. ఓక్లహామాలో జరిగినది అదే. ప్రవేశం ఇచ్చారు, పంక్తి ఇవ్వలేదు.

ఇప్పుడు మన వంక చూద్దాం. భీమరావు అంబేడ్కరు బాల్యంలో తరగతి గది మూలన గోనెపట్టా మీద కూర్చునేవారు, ఆ పట్టాను తానే ఇంటికి మోసుకుపోయేవారు. ఇది ఆయన స్వయంగా వ్రాసుకున్నది. ఉన్నత పాఠశాలలో సంస్కృతం చదవాలని కోరితే కుదరక పారసీకం తీసుకోవలసి వచ్చింది. సంస్కృతం మీద బ్రతుకుతున్న నావంటివాడికి ఈ రెండవ విషయం మొదటిదానికంటె ఎక్కువ సిగ్గు కలిగిస్తుంది. దేవభాష కోరి వచ్చిన బాలుణ్ణి ద్వారం వద్ద నిలిపినవారు మ్లేచ్ఛులు కారు. మనవారే. అదే వ్యక్తి 1913లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి అందరితో సమానంగా కూర్చుని చదివారు. తిరిగి వచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి గది దొరకలేదు. గోనెపట్టాకూ, కొయ్య అడ్డుకూ భేదమేమిటో సెలవివ్వండి.

అది గతం అంటారా? 2007లో సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఢిల్లీ అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థను పరిశీలించి నివేదిక ఇచ్చింది. వెనుకకు నెట్టబడిన వర్గాల విద్యార్థులు వేధింపులు తాళలేక గదులు మారి, కొన్ని వసతిగృహాలలోనే ఒకచోట గుమిగూడవలసి వచ్చిన స్థితిని అది నమోదు చేసింది. దేశంలోని అత్యున్నత వైద్యవిద్యాలయంలో! ఏ శాసనమూ వారిని వేరుచేయలేదు. నేను పంచాంగం తీసి చెప్పిన గురువారాలవంటివి అనేకం కలిసి వేరుచేశాయి. 2012లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రతి విద్యాసంస్థలోనూ సమానావకాశ విభాగం ఉండాలని, వివక్షపై ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని నిబంధనలు చేసింది. నిబంధనలు చేయవలసి వచ్చిందంటేనే వ్యాధి ఉన్నట్లు కదా!

ఈశాన్య రాష్ట్రాల నుండి వచ్చిన విద్యార్థుల ముఖాకృతిని చూసి మనవారు పిలిచే పేర్లు ఇక్కడ వ్రాయదగినవి కావు. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి ఒకడు ఢిల్లీ బజారులో అట్టి పరిహాసంతో మొదలైన కలహంలో దెబ్బలు తిని మరణించాక, ప్రభుత్వం బెజ్బారువా సంఘాన్ని నియమించవలసి వచ్చింది. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థులను గుంపులు వెంటాడి కొట్టాయి. అదే సంవత్సరం ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక తెలుగు ఇంజనీరును, నీ దేశానికి పో అని అరిచి ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. ఆ వార్తకు మన ఊళ్ళలో కొవ్వొత్తులు వెలిగాయి. నెల దాటిన కొద్ది రోజులకే వచ్చిన నోయిడా వార్తకు ఒక్క దీపమైనా వెలిగిందా? నాకు తెలిసి మా ఊరిలో వెలగలేదు. మా ఆలయంలోనూ వెలగలేదు.

వర్ణమంటే రంగేనని భావించి నల్లనివారిని చిన్నచూపు చూసే ఆస్తికులకు ఒక ప్రశ్న. మీరు నిత్యం అర్చించే కృష్ణుని పేరుకు అర్థమేమిటి? యజ్ఞవేదినుండి పుట్టిన ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఎందుకు వచ్చింది? ఆషాఢ పూర్ణిమనాడు గురువుగా ఎవరిని పూజిస్తున్నారు? కృష్ణద్వైపాయనుణ్ణి. నల్లనివాడు, ద్వీపంలో పుట్టినవాడు, పడవ నడిపే దాశకన్యకు జన్మించినవాడు. ఆయన నేడు మన కళాశాల వసతిగృహానికి వస్తే గది మార్పించమని ఎంతమంది తండ్రులు వెళ్ళేవారో!

ఇక శాస్త్రజ్ఞులమనుకునే వారి ఆక్షేపం. వారు వెంటనే బ్రహ్మసూత్రాలలోని అపశూద్రాధికరణాన్ని తీస్తారు. అధికారభేదం శాస్త్రసిద్ధం కాబట్టి అందరికీ సమానవిద్య అనేది శాస్త్రవిరుద్ధమంటారు. ఆ అధికరణం లేదని నేను అనను. గురుముఖంగా చదివినవాడను, దాచలేను. కాని దాని విషయమేమిటి? ఉపనయనపూర్వకమైన వేదాధ్యయనం. ఆ పరిధిలో కూడా భగవత్పాదులవారు విదురుణ్ణీ ధర్మవ్యాధుణ్ణీ ఉదాహరించి, పూర్వసంస్కారం వలన వారికి కలిగిన జ్ఞానఫలాన్ని ఎవ్వరూ అడ్డలేరనీ, ఇతిహాసపురాణాలలో నాలుగు వర్ణాలకూ అధికారం ఉందనీ అంగీకరించారు. ఆ అధికరణంపై నా సంశయాలు నాకు ఉన్నాయి, అది మరొక వ్యాసానికి విషయం. ఇక్కడ అడగవలసినది వేరు. కంప్యూటరు విద్యకు ఉపనయనం అంగమని ఏ సూత్రకారుడు వ్రాశాడు? శస్త్రచికిత్స నేర్వడానికి గోత్రప్రవరలు కావాలా? వేదాధ్యయనానికి చెప్పిన నియమాన్ని ఎత్తుకువెళ్ళి వసతిగృహపు మంచానికి తగిలించడం అతివ్యాప్తి అనే దోషం. తర్కసంగ్రహం చదివే పిల్లవాడు కూడా దీనిని పట్టగలడు. పైగా ఈ వాదం చేసేవారి పిల్లలెవ్వరూ వేదపాఠశాలలో లేరు. అందరూ ఆ కంప్యూటరు చదువులోనే ఉన్నారు.

అధికారభేదమే ప్రమాణమంటారా, నేనొక బ్రాహ్మణవాక్యాన్ని ముందుంచుతాను. నేను తైత్తిరీయ శాఖవాడను. ఋగ్వేదీయమైన ఐతరేయం నా శాఖాధ్యయనం కాదు, మా గురువుగారి వద్ద కథగా విన్నదే. సరస్వతీ తీరంలో ఋషులు సత్రయాగం చేస్తున్నారు. అక్కడికి కవషుడు అనే ఐలూషుడు వచ్చి కూర్చున్నాడు. ఋషులకు కోపం వచ్చింది. దాసీపుత్రుడు, జూదరి, అబ్రాహ్మణుడు, వీడు మన మధ్య దీక్ష ఎలా తీసుకున్నాడు అన్నారు. సోమం దగ్గరనుండి గెంటివేశారు. అంతటితో ఆగలేదు. సరస్వతీ జలం నోట పడకుండా దప్పికతో చావాలని నీరులేని మరుభూమికి తరిమారు. అక్కడ ఆ దప్పికలో అతడు అపోనప్త్రీయ సూక్తాన్ని దర్శించాడు. జలాలు ఉప్పొంగి వచ్చాయి. సరస్వతి తన మార్గం వదలి అతని చుట్టూ ప్రవహించింది. అప్పుడు ఋషులు, దేవతలు ఇతణ్ణి ఎరిగి ఉన్నారు, పిలుద్దాం పదండి అని వెళ్ళి పిలుచుకువచ్చారు. ఆ సూక్తమే సోమయాగంలో జలాలు తెచ్చే వేళ హోత నేటికీ పఠించేది.

ఈ కథలో మన పండితులు కవషుని మహిమను మాత్రమే చెబుతారు. నాకు ఋషులే ఎక్కువ పాఠం చెబుతున్నట్టు తోస్తుంది. తప్పు చేసినవారు సామాన్యులు కారు, దీక్షలో ఉన్న సత్రయాజులు. వారు నది మాది అనుకున్నారు. నది వేరుగా నిర్ణయించింది. ఆ తరువాత వారు మొండికి పోలేదు, వెళ్ళి పిలిచారు. అయితే ఒక్క మాట ఇక్కడ చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ప్రతి విద్యార్థీ మంత్రద్రష్ట అయితేనే పిలుస్తామనడం కూడా అధర్మమే. నేడు ప్రతిభ, ప్రతిభ అని గొంతు చించుకునేవారు చేస్తున్నది ఇదే. దప్పికతో ఎడారికి తరిమి, సూక్తం చూపించు అప్పుడు ఒప్పుకుంటాం అంటారు. మామూలుగా చదివే పిల్లవాడికి కూడా నీళ్ళు తాగే హక్కు ఉంది.

మరొక ఆక్షేపం నా హృదయానికి దగ్గరది. శాకాహార నియమం గలవారు వేరుగా కూర్చోవడం కూడా పంక్తిభేదమేనా అని ఒక భక్తురాలు అడిగారు. 2018 డిసెంబరులో మద్రాసు ఐ.ఐ.టి. భోజనశాల ఒకదానిలో శాకాహారులకూ మాంసాహారులకూ వేరు ద్వారాలు, చేతులు కడుగుకొనే తావులు కూడా వేరు అని కాగితాలు అంటించారు. నిరసన రాగానే తొలగించారు. నేను ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టనివాడను. నా అభిప్రాయం ఇది. ఆచారం ఆచరించేవాడికి వ్రతం, ఇతరులకు శిక్ష కాదు. మా గురువుగారు ప్రయాణాలలో స్వయంపాకం చేసుకునేవారు. రెండు రోజులు అటుకులు, అరటిపండ్లతో గడిపిన సందర్భాలున్నాయి. ఆయన ఎన్నడూ రైలుపెట్టెలో ఎదుటివాణ్ణి లేచి పొమ్మనలేదు. నియమం నాది అయితే కష్టం కూడా నాదే. పాత్రలు వేరుగా ఉంచమని అడగవచ్చును, అది శౌచం. మనుష్యునికి ద్వారం వేరుగా ఉంచమంటే అది శౌచం కాదు, ఓక్లహామా.

మన పూర్వులు పంక్తులు కులానికొకటిగా వేయలేదా అని కొందరు నిలదీస్తారు. వేశారు. మా ఊరి ఆలయంలోనే వేశారు. దానిని సమర్థించే వాక్యం నా వద్ద లేదు. తాతలు త్రాగిన బావి అని ఉప్పునీరు త్రాగుతూ కూర్చోవడం నా చేత కాదు.

అమెరికాలో మన స్థితి ఎలా ఏర్పడిందో కూడా మన పిల్లలకు తెలియదు, చెప్పేవారు లేరు. భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీయుడు అక్కడికి చదువుకు వెళ్ళి, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసి, పౌరసత్వం కోరాడు. అప్పుడు తెల్లవారికీ ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే ఆ అర్హత ఉండేది. నల్లవారితో పాటు నిలబడి ఈ నియమమే అన్యాయమని అతని పక్షం వాదించలేదు. తాను ఉన్నతకులజుడైన ఆర్యుడు కాబట్టి తెల్లవాడే అని వాదించింది. అమెరికావారు నల్లవారితో వివాహాన్ని ఎలా చూస్తారో, మా దేశపు ఉన్నతకులాలవారు కిందివారిని అలాగే చూస్తారని అర్హతగా చూపింది! 1923లో సర్వోన్నత న్యాయస్థానం ఆ వాదాన్ని తిరస్కరించింది. సామాన్యుని దృష్టిలో నీవు తెల్లవాడవు కావు పొమ్మంది. కులాహంకారం సముద్రం దాటి వెళ్ళి గెలిపించినది అది. 1946 చట్టం తరువాత కూడా భారతదేశానికి ఏడాదికి ఇచ్చిన ప్రవేశాలు 100 మాత్రమే. 1965 వలస చట్టంతో ఆ ద్వారం నిజంగా తెరుచుకుంది. అది నల్లజాతివారు వీధులలో దెబ్బలు తిని సాధించిన 1964 పౌరహక్కుల చట్టం వెనువెంట వచ్చినది. నేడు మన పిల్లలు ఆ విశ్వవిద్యాలయాల పఠనమందిరాలలో నచ్చిన బల్లవద్ద కూర్చుంటున్నారంటే మెక్లారిన్ కూర్చున్న ఆ చిన్నగది కారణం. ఋషిఋణం, పితృఋణం, దేవఋణం అని నిత్యం చెప్పుకునే మనకు ఈ ఋణం లెక్కలోకి రాలేదు.

2022 జనవరిలో కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థ వివక్ష నిషేధంలో కులాన్ని కూడా చేర్చింది. మనవారిలో అనేకులు దీనిని హిందూద్వేషమన్నారు. హిందువైన ప్రతి విద్యార్థినీ అనుమానంతో చూస్తారన్న వారి భయంలో కొంత సత్యముంది, దానిని తేలికగా కొట్టివేయను. అక్కడ మన ధర్మాన్ని గూర్చి తెలియక మాట్లాడేవారు ఉన్నారు. కాని ఆ భయానికి సమాధానం, మాలో అది లేదు అని చెప్పడమా? తెలుగు సంఘాలు కులాలవారీగా చీలిన సంగతి దాచితే దాగేదా?

1950 నాటి ఆ తీర్పులోనే మరొక మాట ఉంది. అడ్డు తీసినంత మాత్రాన తోటివిద్యార్థులు ఆయనను ఆదరిస్తారన్న భరోసా లేదని న్యాయమూర్తులు ఎరుగుదురు. రాజ్యం నిషేధించడం వేరు, వ్యక్తులు దూరంగా ఉండడం వేరు అన్నారు. మొదటిది మాత్రమే వారి చేతిలో ఉంది. రెండవది మన చేతిలో ఉంది. తైత్తిరీయంలో గురుశిష్యులు పాఠారంభంలో పలికే శాంతిమంత్రం 'సహ' అనే పదంతో మొదలవుతుంది. నలభై సంవత్సరాలుగా దానిని పలుకుతున్నాను. ఎదురుగా ఉన్న శిష్యునితో కలిసి అనే అర్థం చెప్పుకున్నాను కాని, గదిలో పక్క మంచం మీద ఉన్నవాడిని అందులో చేర్చుకోలేదు.

ఆ శనివారం ఆయనను నేను పంపివేయలేదు. శాంతి చేయిస్తానన్నాను. ఆ బాలుని దుఃఖం నిజమైనది, తండ్రి చేసినదానికి కొడుకును శిక్షించడానికి నేనెవరిని? రుద్రాభిషేకానికి సోమవారం నిశ్చయించాను. సంకల్పంలో చెప్పడానికి గోత్రనామాలు వ్రాసుకుంటూ, హైదరాబాదు వసతిగృహంలో మీవాడి గదిలో ఉన్న ఆ అబ్బాయి పేరు కూడా చెప్పండి, ఇద్దరి పేరునా చేద్దాం అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గోత్రం తెలియనివారికి కాశ్యపగోత్రం చెప్పుకోవచ్చును, ఇబ్బంది లేదు అన్నాను. గోత్రం కాదండీ, పేరే తెలియదు అన్నారు.

కుమారుణ్ణి ఫోనులో అడిగి చెబుతానని వెళ్ళారు. సోమవారం అభిషేకం జరిగింది. పేరు ఇంకా రాలేదు.